హైటెక్ సిటీలో గిటార్ ఎందుకు గొణుగుతుంది?

సినిమాలో హీరో గిటార్ పట్టుకుంటే చాలు! వైరు వుండదు, ఆంప్లిఫయర్ వుండదు, కొండ కొమ్మున నిలబడి ఒక్కసారి మీటితే లోయంతా మార్మోగిపోతుంది. మన కుర్రకారుకి మోజు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఉద్యోగం రాగానే రెండో జీతంలోనో మూడో జీతంలోనో ఓ ఎలక్ట్రిక్ గిటార్ కొనేస్తారు. గదిలో వాయిస్తే బాగానే వుంటుంది. తీరా నలుగురి ముందు వాయించే రోజు వస్తుంది... గిటార్ గర్జించదు. గొణుగుతుంది! దానికి తోడు వెనకాల "భుం..." అంటూ ఒకటే రొద. జానకమ్మ హమ్మింగ్ అయితే చెవులు కోసుకుంటాం గాని, ఇది కరెంటు హమ్మింగ్!

"నా వేళ్ళలో పస లేదు" అనుకొని గిటార్ని అటక మీదికి ఎక్కించేసిన కుర్రాళ్ళు ఎంతమందో. పాపం, చాలాసార్లు తప్పు వేళ్ళది కాదు, వైరుది. ఆ తప్పుని దిద్దేది అరచేతిలో ఇమిడే ఓ ఇనప డబ్బా. దాని పేరు డీఐ బాక్స్. దాని కథ తెలుసుకోవాలంటే హైదరాబాదులో ఒకే ఒక్క సాయంత్రం చాలు. రండి, అలా హైటెక్ సిటీ దాకా వెళ్ళివద్దాం.

రాళ్ళ మధ్య లేచిన ఊరు

అమీర్‌పేటలో రాయదుర్గం వైపు వెళ్ళే మెట్రో ఎక్కండి. 2019 మార్చి 20న హైటెక్ సిటీ దాకా రైలు వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 29న రాయదుర్గం చేరింది. కిటికీలోంచి చూస్తుంటే అద్దాల మేడలు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతుంటాయి. వాటి సందుల్లో అక్కడక్కడా ఇంకా మిగిలిన నల్లరాతి గుండ్లు కనిపిస్తాయి. ఈ మాదాపూర్ ఒకప్పుడు రాళ్ళూ, తుప్పలూ నిండిన పల్లె. పక్కనే దుర్గం చెరువు. గోలకొండ కోటకు మంచినీళ్ళు అందించిన చెరువది. ఇప్పుడు దాని మీద తీగల వంతెన వెలుగుతోంది. 2020 సెప్టెంబరులో దాన్ని ప్రారంభించారు.

గుండ్రంగా నిలబడి వుండే ఆ పది అంతస్తుల భవనమే సైబర్ టవర్స్. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. చంద్రబాబు నాయుడు అప్పుడు ముఖ్యమంత్రి. ట్రిపుల్ ఐటీ మొదలైందీ, మైక్రోసాఫ్ట్ వారు తమ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టిందీ ఆ సంవత్సరమే. గిటారిస్టులకు కూడా 1998 గుర్తుండిపోయే సంవత్సరం. ఆ విషయం కాసేపట్లో చెబుతాను.

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఈ రోడ్డు మీద నిలబడండి. మెడలో కార్డు, ఒక భుజాన లాప్‌టాప్ సంచి. పది నిమిషాలు చూస్తే చాలు, రెండో భుజాన గిటార్ సంచి వేసుకున్నవాడు ఒకడైనా కనిపిస్తాడు! వరంగల్ వాడు కావచ్చు, విజయవాడ వాడు కావచ్చు. పగలు కంప్యూటర్ ముందు, రాత్రి తీగల ముందు. వాడి వెనకాలే పదండి.

చెలమ దగ్గర మోటారు పంపు

మాదాపూర్ సందులో మేడ మీద ఓ కాఫీ షాపు. పేరెందుకు లెండి, ఇలాంటివి ఇక్కడ చాలా వున్నాయి. వారంలో ఒక రాత్రి వచ్చినవాళ్ళు ఎవరైనా పాడొచ్చు, వాయించొచ్చు. మూలగా ఓ చిన్న వేదిక, ఎదురుగా ఓ బల్ల మీద మిక్సర్. ఆంప్లిఫయర్ మాత్రం లేదు. వుంటే కింది షాపువాళ్ళు, పక్క అపార్ట్‌మెంటువాళ్ళు ఊరుకోరు.

ఆ రాత్రి వేదికెక్కిన కుర్రాడిది ఖమ్మం వైపు. గిటార్ వైరుని తిన్నగా తీసుకెళ్ళి మిక్సర్‌లో గుచ్చాడు. పది మీటర్ల వైరు. మీటాడు. దుప్పటి కప్పుకొని మాట్లాడుతున్న మనిషి గొంతులా వుంది శబ్దం. వెనకాల రొద. రెండు నిమిషాల్లో బల్లల దగ్గర వాళ్ళంతా ఫోన్లలోకి వెళ్ళిపోయారు. కుర్రాడు పాట సగంలో ఆపి, గిటార్ని సంచిలో పెట్టుకోబోయాడు.

మిక్సర్ దగ్గర మనిషి లేచి వచ్చాడు. "తమ్మీ, చెయ్యి మంచిగనే వున్నది. వైరే మంచిగ లేదు. ఆగు" అన్నాడు. పెట్టెలోంచి ఓ నల్ల డబ్బా తీసి వేదిక మీద పెట్టాడు. గిటార్‌కీ డబ్బాకీ మధ్య పొట్టి వైరు. డబ్బా నుంచి మిక్సర్ దాకా మైకులకు వాడే మూడు పిన్నుల వైరు. అంతే! "ఇప్పుడు కొట్టు" అన్నాడు.

దుప్పటి తొలగిపోయింది. తీగ తీగా విడివిడిగా వినపడింది. రొద మాయం. కుర్రాడు చేసిన పొరపాట్లు కూడా శుభ్రంగా వినపడ్డాయనుకోండి! అయితేనేం, ఈసారి తల ఎత్తి వాయించాడు. ఫోన్లు కిందికి దిగాయి.

మాయేమీ లేదు. గిటార్‌లో తీగల కింద పికప్ అనేది వుంటుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగను వేలకొద్దీ చుట్లు చుట్టి చేస్తారు. స్టీలు తీగ కదిలితే అందులో సన్నటి కరెంటు పుడుతుంది. అది ఎండాకాలం ఏటి ఇసకలో తీసిన చెలమలాంటిది. కొబ్బరిచిప్పతో మెల్లగా తోడుకుంటే నీళ్ళు తేటగా వస్తాయి. మోటారు పంపు పెడితే బురద వస్తుంది!

మిక్సర్‌లోని మామూలు లైన్ ఇన్‌పుట్ మోటారు పంపు లాంటిది. దాని ఇంపిడెన్స్ సుమారు పది వేల ఓమ్‌లు. గిటార్ పికప్ కోరుకునేది పది లక్షల ఓమ్‌లు! ఆ రెండిటికీ పొత్తు ఎలా కుదురుతుంది? పైగా వైరు పొడుగయ్యేకొద్దీ శబ్దంలోని మెరుపుని వైరే మింగేస్తుంది. ఆరు మీటర్లు దాటితే చెవికి తెలిసిపోతుంది. డీఐ బాక్స్ మధ్యలో దుబాసీలా కూర్చుంటుంది. గిటార్ దగ్గర చిప్పతో తోడుకుంటుంది. మిక్సర్‌కి అది కోరుకున్న రీతిలో, మైకు నుంచి వచ్చినట్టుగా అందిస్తుంది.

ఇందులో రెండు రకాలు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే వుండే పాసివ్ డబ్బాకి కరెంటు అక్కర్లేదు. కీబోర్డుకీ, బ్యాటరీ వున్న బేస్ గిటార్‌కీ అది చాలు. యాక్టివ్ డబ్బాకి మాత్రం కరెంటు కావాలి. అది మిక్సర్ నుంచి అదే వైరులో 48 వోల్టులుగా వస్తుంది. బ్యాటరీ లేని మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి యాక్టివ్ డబ్బాయే నప్పుతుంది. ఆ రాత్రి ఖమ్మం కుర్రాడికి దొరికింది అదే.

ఇంజెక్షన్ అంటే భయపడకండి

డీఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్. డాక్టరు గుర్తొస్తున్నాడా? శబ్దాన్ని గాలిలోకి వదిలి మళ్ళీ మైకుతో పట్టుకోకుండా, తిన్నగా మిక్సర్‌లోకి ఎక్కించడం కాబట్టి ఆ పేరు.

1960లలో అమెరికాలో డెట్రాయిట్ నగరపు మోటౌన్ స్టూడియోవారు బేస్ గిటార్ని ఇలాగే రికార్డు చేసేవారు. జేమ్స్ జేమర్సన్ అనే మహానుభావుడి బేస్ అలా వచ్చిందే. లండన్‌లో బీటిల్స్ బృందం 1967లో "సార్జెంట్ పెప్పర్స్" రికార్డు చేస్తున్నప్పుడు, పాల్ మెకార్ట్‌నీ బేస్ కోసం ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ ఇలాంటి పెట్టెనే వాడాడు. అది విని జాన్ లెనన్‌కి ముచ్చటేసి, "నా గొంతుని కూడా అలాగే ఎక్కించండి" అని అడిగాడట. "ఆసుపత్రికి వెళ్ళి, నీ మెడలో జాక్ పెట్టించుకొని రా, అలాగే చేద్దాం" అన్నారట సంగీత నిర్మాత జార్జ్ మార్టిన్! ఆ మరుసటి ఏడు, 1968లో, "రివల్యూషన్" పాటకి గిటార్లనే తిన్నగా మిక్సర్‌లోకి ఎక్కించి, మిక్సర్ బరువు మోయలేక కేకలు పెట్టేదాకా శబ్దం పెంచారు. ఆ కరుకుదనం కోసమే ఆ పాటని ఇప్పటికీ వింటారు.

కరుకుదనం అంటే గుర్తొచ్చింది. మన ఖమ్మం కుర్రాడికి కాస్త ధైర్యం రాగానే కాలి దగ్గరున్న డిస్టార్షన్ పెడల్ నొక్కాడు. అంతే... సీసాలో కందిరీగ! అందరూ చెవులు మూసుకున్నారు. డబ్బా చెడిపోయిందా? లేదు. డబ్బా తన పని తాను చేసింది. గిటార్ ఆంప్లిఫయర్‌లో వుండే పన్నెండు అంగుళాల స్పీకర్ సుమారు ఐదు వేల హెర్ట్జ్ పైన వుండే కీచుదనాన్ని వినిపించదు, మింగేస్తుంది. సినిమాల్లో మనం విని మురిసిపోయే గర్జనలో సగం ఆ స్పీకర్ పుణ్యమే. ఆంప్లిఫయర్ లేకుండా తిన్నగా ఎక్కిస్తే ఆ జల్లెడ పోయినట్టే కదా!

దానికీ మందు వుంది. 1989లో - నాగార్జున "గీతాంజలి", "శివ" వచ్చిన సంవత్సరం - అమెరికాలో "శాన్స్ఆంప్" అనే పెడల్ వచ్చింది. ఆంప్లిఫయర్, స్పీకర్ కలిసి చేసే పనిని అదే అనుకరిస్తుంది. ఆ తర్వాత 1998లో "లైన్ 6" వారి "పాడ్" వచ్చింది. చిక్కుడు గింజ ఆకారం, ఎర్ర రంగు, లోపల రకరకాల ఆంప్లిఫయర్ల శబ్దాలు కంప్యూటర్ లెక్కల రూపంలో! సైబర్ టవర్స్ లేచిన ఏడే ఆంప్లిఫయర్ కూడా సాఫ్ట్‌వేర్ అయిపోయిందన్నమాట. ఇవాళ ఫోనంత పెడల్లో కూడా ఆ సదుపాయం వుంది. పెడల్ వరుసలో చివర అది వుంటే, దాని తర్వాత డీఐ బాక్స్ పెట్టాలి. కందిరీగ పోయి పులి వస్తుంది!

శిల్పకళావేదికలో తలకిందుల లెక్క

కాఫీ షాపు దిగి మళ్ళీ మెయిన్ రోడ్డుకి వస్తే శిల్పారామం. 1992లో రూపుదిద్దుకొన్న ఈ చేతిపనుల గ్రామంలోనే శిల్పకళావేదిక వుంది. సుమారు రెండున్నర వేలమంది పట్టే హాలు. మీ అభిమాన హీరోల ఆడియో వేడుకలు ఎన్నో జరిగిన చోటు. వేదిక మీద హీరో మాట్లాడుతుంటే మీ కళ్ళు ఆయన మీదే వుంటాయి, సహజం. ఈసారి వాద్యబృందం కాళ్ళ దగ్గర కూడా చూడండి. కీబోర్డు పక్కన, బేస్ పక్కన, గిటార్ పక్కన చిన్న చిన్న డబ్బాలు బుద్ధిగా కూర్చుని వుంటాయి.

ఇంత పెద్ద హాల్లో మిక్సర్ వేదిక మీద వుండదు, జనం మధ్యలో వుంటుంది. శబ్దం పదుల మీటర్లు ప్రయాణించాలి. దారి పొడుగునా లైట్ల వైర్లు, డిమ్మర్లు, ఫోన్లు. ఒకటి గొణిగితే ఇంకొకటి గిరగిరమంటుంది. ఈ గోలలో గిటార్ శబ్దం మైల పడకుండా ఎలా వెళుతుంది?

ఆ మూడు పిన్నుల వైరులో వున్న తమాషా అదే. ఒక పిన్ను ఎర్త్‌కి. మిగతా రెండు తీగల్లోనూ ఒకే పాట వెళుతుంది - ఒకదానిలో నిటారుగా, రెండోదానిలో తలకిందులుగా! దారిలో తగిలే రొద మాత్రం రెండింటికీ ఒకేలా అంటుకుంటుంది. మిక్సర్ ఏం చేస్తుందంటే, రెండోదాన్ని తిరగేసి మొదటిదానితో కలుపుతుంది. పాటా పాటా కలిసి రెండింతలవుతుంది. రొద మాత్రం ఒకటి నిటారు, ఒకటి తలకిందులు గనక... చెల్లుకు చెల్లు! వంద మీటర్లు వెళ్ళినా పాట తేటగానే వుంటుంది. గిటార్ నుంచి వచ్చే వైరులో ఈ ఏర్పాటు లేదు. డీఐ బాక్స్ దాన్ని ఇలా జంటగా మార్చి పంపుతుంది.

ఆ పెద్ద పిన్ను జోలికి పోకండి

ఇంతవరకూ శబ్దం సంగతి. ఇప్పుడు ప్రాణం సంగతి. కాస్త శ్రద్ధగా చదవండి.

డీఐ బాక్స్ పెట్టినా ఒక్కోసారి రొద పోదు. గిటారిస్టు ఆంప్లిఫయర్ ఒక ప్లగ్గులో, మిక్సర్ ఇంకో ప్లగ్గులో వుంటాయి. రెండింటి ఎర్త్‌లూ వైరు ద్వారా కలిసి ఓ చుట్టులాగా తయారవుతాయి. మన కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది గదా, ఆ ఊగుడే "భుం..." అని వినిపిస్తుంది. అప్పుడు మనవాళ్ళు కొందరు చేసే పని ఏమిటో తెలుసా? ఆంప్లిఫయర్ ప్లగ్గులో పైన వుండే లావుపాటి ఎర్త్ పిన్ను తీసేస్తారు. రొద పోతుంది. దానితోపాటు రక్షణా పోతుంది!

ఆంప్లిఫయర్ లోపల ఏదైనా తీగ తెగి రేకుకి తగిలితే, 230 వోల్టులు తిన్నగా గిటార్ తీగల్లోకి వస్తాయి. ఒక చేత్తో తీగలు పట్టుకొని, పెదవులు మైకుకి ఆనించి పాడేవాడి గతి ఏమిటి? 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో, లెస్ హార్వే అనే గిటారిస్టు సరైన ఎర్త్ లేని మైకుని పట్టుకొని వేదిక మీదే ప్రాణాలు వదిలాడు. "యార్డ్‌బర్డ్స్" బృందం గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన ఇంట్లోనే, గిటార్ వాయిస్తూ షాక్ కొట్టి పోయాడు. ఇద్దరూ ముప్ఫై నాలుగు నిండని వాళ్ళే.

డీఐ బాక్స్ మీద "గ్రౌండ్ లిఫ్ట్" అనే చిన్న మీట వుంటుంది. రొద వస్తే నొక్కవలసింది దాన్ని. అది శబ్దపు వైరులో ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది. గోడ ప్లగ్గులోని ఎర్త్ చెక్కు చెదరకుండా వుంటుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆంప్లిఫయర్‌కి అసలు ఎర్తే లేకపోతే ఈ డబ్బా మిమ్మల్ని కాపాడలేదు. మైకు తాకితే చురుక్కుమందంటే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవమనండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వుందా అని అడగండి. అడగడం నామోషీ కాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఆంప్లిఫయర్ వెనక స్పీకర్‌కి వెళ్ళే సాకెట్‌ని మామూలు డీఐ బాక్స్‌లో పెట్టకండి, డబ్బా కాలిపోవచ్చు. డబ్బా మీద "థ్రూ" అని వుండే రంధ్రం నుంచి వైరు తీసుకెళ్ళి ఆంప్లిఫయర్‌కి ఇచ్చుకోవచ్చు. అప్పుడు మీ చెవికి ఆంప్లిఫయర్, జనం చెవికి మిక్సర్. అలాగే వైరు పీకేముందు మిక్సర్ దగ్గర మనిషికి సైగ చేసి, శబ్దం ఆపించండి. లేకపోతే "ఢాం!" అని పేలుతుంది. ముందు వరుసలోవాళ్ళ కాఫీ వొలికిపోతుంది!

గచ్చిబౌలి చుక్కల కింద

మైండ్‌స్పేస్ మీదుగా వెళ్ళి బయోడైవర్సిటీ కూడలి దాటితే గచ్చిబౌలి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం ఇక్కడే వుంది. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. పరుగు పందేల మైదానంలో ఇప్పుడు పాటల పందిళ్ళు కూడా వేస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో ఇళయరాజా గారి కచేరీ ఇక్కడే జరిగింది. సంగీత దర్శకుడు కాకముందు ఆయన రికార్డింగులకు గిటార్ వాయించిన మనిషి! సలీల్ చౌదరి దగ్గర గిటార్ వాయించి, జి.కె. వెంకటేష్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, అక్కడి నుంచి ఎక్కివచ్చారు.

కాఫీ షాపులో పది మీటర్ల దూరం, వేదికలో పదుల మీటర్ల దూరం, స్టేడియంలో ఇంకా ఎక్కువ. ఈ రోజుల్లో పెద్ద కచేరీల్లో శబ్దాన్ని వేదిక పక్కనే అంకెలుగా మార్చి, ఒక్క సన్నటి వైరులో మిక్సర్‌కి పంపించేస్తున్నారు. అయినా గిటార్ దగ్గర ఆ మొదటి అడుగు మాత్రం పాతదే: పొట్టి వైరు, డీఐ బాక్స్. పదిమంది వినే చోటైనా, పదివేలమంది వినే చోటైనా ఆ డబ్బా ఒక్కటే. గిటార్ కంటే, పెడల్ కంటే చవక కూడాను.

ఈ హైటెక్ సిటీకి రోజూ ఎంతోమంది వస్తారు. ఊరి నుంచి సన్నటి గొంతుతో వచ్చి, పెద్ద యంత్రం ముందు నిలబడి, వినపడకపోతే తప్పు తమదే అనుకునేవాళ్ళు గిటారిస్టుల్లోనే కాదు, ఇంకా చాలామంది వున్నారు. వాళ్ళ సంగతి ఇంకోసారి. గిటార్ పట్టుకున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మాత్రం ఒక మనవి. వేదిక ఎక్కి శబ్దం బాగా రాకపోతే, వేళ్ళని తిట్టుకోకముందు మిక్సర్ దగ్గర మనిషిని ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, డీఐ వుందా?"

వుంటే వాయించండి. లేకపోతే వచ్చే నెల జీతంలో మొదట కొనవలసింది రెండో గిటార్ కాదు, ఆ డబ్బా!